పెన్సిల్ సెల్స్ కంటే ముందు చార్జర్ చూసుకోండి

రీచార్జబుల్ సెల్స్ గురించి మా తిరుపతిలో ఎవరిని కదిలించినా ఒకటే మాట, "అవి తొందరగా పోతాయబ్బా, డబ్బులు దండగ" అని. ఈ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు. మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్, అంటే ఇళ్ళల్లో ఎక్కువగా వాడే రీచార్జబుల్ రకం, వందల సార్లు చార్జ్ అవుతుంది, సరిగ్గా చూసుకుంటే ఏళ్ళ తరబడి నిక్షేపంగా పనిచేస్తుంది. ఏడాది తిరక్కుండానే చచ్చిపోయిందంటే చాలాసార్లు తప్పు సెల్‌ది కాదు, దాన్ని రాత్రంతా ఉడకబెట్టిన చార్జర్‌ది. మనవాళ్ళు సెల్స్ కొనేటప్పుడు పెట్టె మీద అంకెలు చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు, బేరం కూడా ఆడతారు, చార్జర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్యాక్‌తో పాటు ఏదొస్తే అదే. నేను దీన్ని తిరగేసి చేయమంటాను. ముందు చార్జర్ మీద ఖర్చు పెట్టండి, సెల్స్ సంగతి తర్వాత.

నేను మాట్లాడేది ఇంట్లో వాడే చిన్న సెల్స్ గురించే. రిమోట్‌లో వేసే సన్నవి ట్రిపుల్ ఏ, బీపీ మెషిన్‌లో, టార్చ్‌లో, పిల్లల బొమ్మ కార్లలో వేసేవి డబుల్ ఏ, అంటే మనం పెన్సిల్ సెల్స్ అని పిలిచేవి. బ్యాటరీ అనగానే మా ఊర్లో అందరికీ కరకంబాడిలో ఉండే ఫ్యాక్టరీ గుర్తొస్తుంది కానీ, అది కార్లకీ ఇన్వర్టర్లకీ వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీల వ్యవహారం, దాని చార్జింగ్ పద్ధతే వేరు. అక్కడ ఒక వోల్టేజ్ దగ్గర పట్టి ఉంచితే చాలు, బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తనే తగ్గించుకుంటుంది. నికెల్ సెల్‌కి ఆ గుణం లేదు. నిండినా సరే, ఇచ్చే కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అందుకే ఆపాల్సిన బాధ్యత మొత్తం చార్జర్ మీదే పడుతుంది.

నిండిన సెల్‌లోకి ఇంకా కరెంటు తోస్తే లోపల ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చార్జర్ మంచిదా కాదా అనేది ఇక్కడే తేలుతుంది. సెల్ నిండేదాకా కరెంటులో ఎక్కువ భాగం రసాయన మార్పుకే పోతుంది, కాబట్టి సెల్ పెద్దగా వేడెక్కదు. నిండాక పాజిటివ్ ప్లేటు దగ్గర ఆక్సిజన్ పుట్టడం మొదలవుతుంది, ఆ ఆక్సిజన్ నెగెటివ్ ప్లేటు దగ్గరికెళ్ళి మళ్ళీ కలిసిపోతుంది, ఆ కలవడంలో వేడి వస్తుంది. అంటే అక్కణ్ణించి మనం ఇచ్చే కరెంటంతా సెల్‌ని కాల్చడానికే పనికొస్తుంది. ఎక్కువసేపు ఇట్లాగే సాగితే లోపల ఒత్తిడి పెరిగి, సెల్ పైభాగంలో ఉండే సేఫ్టీ వాల్వ్ తెరుచుకుని, కొంచెం కొంచెంగా లోపలి ద్రవం ఆరిపోతుంది. ఒకసారి ఆరిపోయింది మళ్ళీ రాదు. సెల్ బయటికి చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, టార్చ్‌లో వేస్తే ఐదు నిమిషాలకే వెలుగు పడిపోతుంది.

ఆ నిండే క్షణంలో ఇంకో చిన్న సంగతి కూడా జరుగుతుంది. చార్జ్ అవుతున్నంతసేపూ సెల్ వోల్టేజ్ మెల్లగా పైకి ఎక్కుతూ 1.4 దాటి 1.5 దగ్గరికి వస్తుంది. నిండగానే, ఆ వేడి వల్ల, కాస్త కిందికి దిగుతుంది. ఎంత దిగుతుంది? వోల్టులో వెయ్యో వంతులు ఒక ఐదు, అంతే. మంచి చార్జర్ ఈ ఐదు మిల్లీవోల్టుల దిగుడిని పట్టుకుని కరెంటు ఆపేస్తుంది. పెట్టె మీద 'మైనస్ డెల్టా వి' (-ΔV) అని రాసి ఉండేది ఇదే. షాపువాడికి తెలియకపోయినా మీరు పెట్టె తిప్పి ఈ మాట కోసం వెతకండి. 'స్మార్ట్ చార్జర్', 'ఇంటెలిజెంట్' లాంటి మాటలు ఎవరైనా వేసుకుంటారు, వాటిని నమ్మొద్దు. దాంతోపాటు ఉష్ణోగ్రత చూసి ఆపే ఏర్పాటు, ఇవేవీ పనిచేయకపోతే ఇన్ని గంటల తర్వాత ఆగిపోయే టైమర్ కూడా ఉంటే ఇంకా మంచిది. టైమర్ అనేది చివరి కాపలాగా ఉండాలి, అదొక్కటే ఉండకూడదు.

టైమర్ ఒక్కటే ఉన్న చార్జర్లతో మా చిత్తూరు వైపు పల్లెల్లో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. కరెంటు పోయి వస్తే వాటి టైమర్ మళ్ళీ మొదటికి వస్తుంది. ఏడు గంటల టైమర్ అనుకోండి, ఆరు గంటలు చార్జ్ అయ్యాక కరెంటు పోయింది, అరగంటకి వచ్చింది, చార్జర్‌కి పాత లెక్క గుర్తుండదు కాబట్టి ఇంకో ఏడు గంటలు కొత్తగా మొదలుపెడుతుంది. వేసవిలో పూతలపట్టు, ఐరాల వైపు మా బంధువుల ఇళ్ళల్లో ఉరుములతో గాలివాన వచ్చిందంటే రాత్రిపూట కరెంటు పోయి వస్తూనే ఉంటుంది, అట్లాంటి రాత్రి ఆ చార్జర్‌లో పెట్టిన సెల్స్ పొద్దున తీస్తే చెయ్యి కాలుతుంది. డెల్టా వి చూసే చార్జర్ అయితే కరెంటు తిరిగి రాగానే మళ్ళీ మొదలుపెట్టినా, సెల్ నిండే ఉందని కాసేపటికే కనిపెట్టి ఆపేస్తుంది. పెట్టె మీద కనబడే తేడా చిన్నదే, సెల్ ఆయుష్షులో మాత్రం ఏళ్ళు తేడా వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రతి సెల్‌నీ విడివిడిగా చూసుకునే చార్జర్ కావాలి. చవక చార్జర్లలో నాలుగు గుంతలున్నా నిజానికి రెండే లైన్లు ఉంటాయి, రెండేసి సెల్స్‌ని ఒకదాని వెనక ఒకటి కలిపి చార్జ్ చేస్తాయి. ఒక సెల్ సగం నిండి ఉండి, పక్కది పూర్తిగా అయిపోయి ఉంటే? కడుపు నిండినోడికీ ఆకలితో ఉన్నోడికీ ఒకే కొలతతో వడ్డించినట్టు ఉంటుంది, మొదటిది పొంగిపోతుంది, రెండోది ఆకలితోనే లేస్తుంది. తర్వాత ఈ రెంటినీ కలిపి బొమ్మ కారులో వేస్తే తక్కువ నిండింది ముందే అయిపోతుంది, నిండుగా ఉన్నది ఇంకా తోస్తూ ఉంటుంది కాబట్టి ఖాళీ అయినదాని వోల్టేజ్ ఉల్టా అయి అది శాశ్వతంగా దెబ్బతింటుంది. ఒక్క సెల్ పోయిందని జత మొత్తం మూలన పడేస్తారు.

ఇది షాపులోనే తెలుసుకోవచ్చు. గాంధీ రోడ్డులోనో తిలక్ రోడ్డులోనో షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో ఒక్క రీచార్జబుల్ సెల్ వేసుకుని వెళ్ళండి. చార్జర్‌ని ప్లగ్‌లో పెట్టించి, ఆ ఒక్క సెల్‌నే ఒక గుంతలో పెట్టి చూడండి. లైటు వెలిగితే విడివిడిగా చార్జ్ చేసే రకం. వెలగకుండా, పక్క గుంతలో రెండోది పెడితేనే వెలిగితే అది జతల రకం, అక్కడే తిరిగి ఇచ్చేయండి. పెట్టెలోంచి తీయనివ్వకపోతే లైట్లు లెక్కపెట్టండి, నాలుగు గుంతలకి నాలుగు లైట్లుండాలి. ఇంకో గుర్తు కూడా ఉంది, చార్జర్ వెనక స్టిక్కర్ మీద ఔట్‌పుట్ అనే వరుస చదవండి. 2.4 వోల్టులనో 2.8 వోల్టులనో ఉంటే రెండు సెల్స్ కలిపి అని అర్థం. 1.2 అనో 1.5 అనో ఉండి, పక్కన నాలుగుతో గుణకారం గుర్తు ఉంటే నాలుగూ వేరువేరు. నేనిట్లా సెల్ పెట్టి చూస్తుంటే ఒక షాపాయన, "ఏ చార్జర్ అయితే ఏముంది సామీ, అన్నీ ఇచ్చేది కరెంటే కదా" అన్నాడు. స్టిక్కర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాక ఆయనే లోపలికెళ్ళి ఇంకో పెట్టె తెచ్చాడు, "ఇది కొంచెం రేటు ఎక్కువని ఎవురూ అడగరు సామీ" అంటూ. అడగాలి మరి.

కరెంటు ఎంత ఇస్తుందనేది కూడా ఆ స్టిక్కర్ మీదే ఉంటుంది. ఎంఏహెచ్ అంటే సెల్ ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత. 2,000 ఎంఏహెచ్ సెల్‌కి 200 మిల్లీఆంప్స్ ఇచ్చే చార్జర్ పెడితే పది గంటల్లో నిండాలి అనుకుంటాం కదా, అట్లా జరగదు, మధ్యలో కొంత వృథా అవుతుంది కాబట్టి పద్నాలుగు నుంచి పదహారు గంటలు పడుతుంది. అంత తక్కువ కరెంటుతో ఇంకో చిక్కు కూడా ఉంది, సెల్ నిండినప్పుడు వచ్చే ఆ ఐదు మిల్లీవోల్టుల దిగుడు మరీ చిన్నదైపోయి చార్జర్‌కి దొరకదు. నెమ్మదిగా చార్జ్ చేస్తే సెల్‌కి మంచిదని మనలో చాలామందికి ఒక నమ్మకం. లెక్క చూసుకుని సమయానికి తీసేవాళ్ళకి అది నిజమే, ప్లగ్‌లో పెట్టి మర్చిపోయేవాళ్ళకి కాదు. మరీ ఎక్కువైనా వేడి. ఇంటికి డబుల్ ఏ సెల్స్‌కి 500 నుంచి 1,000 మిల్లీఆంప్స్, ట్రిపుల్ ఏ సెల్స్‌కి అందులో సగం లోపు ఇచ్చే చార్జర్ అయితే సరిగ్గా సరిపోతుంది, రెండు నుంచి ఐదు గంటల్లో పని అయిపోతుంది. కొన్ని మంచి చార్జర్లు ఏ సైజు సెల్ పెట్టామో గుంతలోని కాంటాక్ట్‌ని బట్టి గుర్తుపట్టి కరెంటు వాటంతట అవే తగ్గించుకుంటాయి.

మా పెద్దమ్మ కొడుకు ఇక్కడ పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. తిరుపతిలో ముహూర్తాలున్న నెలల్లో వాడికి నిద్ర ఉండదు, తెల్లవారుజామున తిరుచానూరులో ఒక పెళ్ళి, పదింటికి ఇంకో కల్యాణ మండపం. కెమెరా మీద పెట్టే ఫ్లాష్‌కి నాలుగు డబుల్ ఏ సెల్స్ కావాలి, ఒక్కసారి వెలిగాక మళ్ళీ వెలగడానికి సిద్ధం కావాలంటే సెల్స్ ఒక్కసారిగా చాలా కరెంటు ఇవ్వగలగాలి. ఈ పనిలో వాడి పారేసే ఆల్కలైన్ సెల్స్ నికెల్ సెల్స్ ముందు నిలబడవు, ఎందుకంటే నికెల్ సెల్‌కి లోపలి నిరోధం తక్కువ. ఆల్కలైన్ సగం అయ్యేసరికి ఫ్లాష్ తయారవడానికి సెకన్లు పడుతుంది, ఆ సెకన్లలోనే తాళి కట్టేస్తారు, తలంబ్రాలు పోసేస్తారు. వాడి సంచీలో సెల్స్ చూస్తే ముచ్చటేస్తుంది. ప్రతి సెల్ మీదా మార్కర్ పెన్నుతో అ1, అ2, అ3, అ4 అని ఒక సెట్టు, ఆ1 నుంచి ఆ4 దాకా ఇంకో సెట్టు, ఇ, ఈ అని అట్లా సాగుతాయి, పక్కనే కొన్న సంవత్సరం చిన్న అంకెల్లో. అ సెట్టు ఎప్పుడూ కలిసే ఫ్లాష్‌లోకి వెళ్తుంది, కలిసే చార్జర్‌లోకి వెళ్తుంది. నిండిన సెల్స్ డబ్బాలో బొడిపె పైకి పెడతాడు, వాడేసినవి బొడిపె కిందికి, చీకట్లో కూడా వేలితో తడిమి చెప్తాడు ఏవి నిండినవో. వాడి దగ్గర డిస్‌ప్లే ఉన్న చార్జర్ ఉంది, సెల్‌ని పూర్తిగా నింపి, ఖాళీ చేసి, మళ్ళీ నింపి, అసలు ఎన్ని ఎంఏహెచ్ పట్టిందో చూపిస్తుంది. సెట్టులో మూడు 1,900 చూపించి ఒకటి 1,300 చూపిస్తే ఆ ఒక్కదాన్ని తీసి పక్కన పెట్టి ఇంట్లో గడియారానికి ఇచ్చేస్తాడు.

ఇంటికి అంత చార్జర్ కావాలా అంటే, నా అభిప్రాయంలో అక్కర్లేదు. పదీ పదిహేను సెల్స్ తిప్పేవాళ్ళకీ, ఫొటోలవాళ్ళకీ, భజన మండళ్ళలో వైర్‌లెస్ మైకులు వాడేవాళ్ళకీ అది డబ్బుకి తగ్గ వస్తువు. మామూలు ఇంటికి నాలుగు గుంతలు, నాలుగు లైట్లు, డెల్టా వి, చాలు. దానికి యూఎస్‌బీ ఇన్‌పుట్ ఉంటే నేను ఇంకా సంతోషిస్తాను, కరెంటు లేనప్పుడు పవర్ బ్యాంక్ పెట్టి చార్జ్ చేసుకోవచ్చు, ఫోన్ అడాప్టర్‌తోనే నడుస్తుంది. అయితే ఆ అడాప్టర్ 2 ఆంప్స్ ఇచ్చేదై ఉండాలి, లేకపోతే నాలుగు సెల్స్ పెట్టినప్పుడు మందకొడిగా నడుస్తుంది.

ఎండల సంగతి మనకి వేరుగా చెప్పుకోవాలి. విదేశాల్లో రాసిన సలహాల్లో ఇది పెద్దగా కనబడదు. నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ చార్జింగ్‌కి చల్లగా ఉండే గది కావాలి, 40 డిగ్రీలు దాటితే అది చార్జ్ సరిగ్గా పట్టుకోదు, పెట్టిన కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది, పైగా నిండినట్టు తెలిపే ఆ దిగుడు కూడా మసకబారుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకి మేడ మీది గదిలో మధ్యాహ్నం పూట చార్జర్ పెట్టడం అంటే సెల్స్‌ని కావాలని పాడుచేసుకోవడమే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లవారుజామున పెట్టండి, కింది గదిలో, ఫ్యాన్ గాలి తగిలే చోట, చార్జర్‌ని నేల మీదో బండ మీదో ఉంచండి. ఫ్రిజ్ పక్కన స్టెబిలైజర్ మీద పెట్టే అలవాటు చాలా ఇళ్ళల్లో చూశాను, కింది నుంచి ఆ వేడి, లోపలి నుంచి ఈ వేడి. దాని మీద గుడ్డ కప్పడం అంతకంటే ఘోరం. చివర్లో సెల్ గోరువెచ్చగా ఉండటం మామూలే, చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటే మాత్రం ఆ చార్జర్‌ని ఇక వాడొద్దు.

ఇప్పుడు లిథియం సంగతి, ఇది భద్రతకి సంబంధించింది కాబట్టి జాగ్రత్తగా చదవండి. ఈ మధ్య డబుల్ ఏ సైజులోనే 1.5 వోల్టుల లిథియం సెల్స్ వస్తున్నాయి, కొన్నిటికి ఒంటి మీదే సీ టైపు రంధ్రం ఉంటుంది. వాటి లోపల 3.7 వోల్టుల లిథియం సెల్, దాన్ని 1.5కి తగ్గించే చిన్న సర్క్యూట్ ఉంటాయి. వాటిని నికెల్ సెల్స్ చార్జర్‌లో పెట్టకూడదు, వాటికి ఇచ్చిన కేబుల్‌తోనో, వాటితో వచ్చిన చార్జర్‌లోనో చార్జ్ చేయాలి. 14500 అని ఇంకో రకం ఉంది, చూడ్డానికి అచ్చం పెన్సిల్ సెల్లే, కానీ 3.7 వోల్టులు. దాన్ని బీపీ మెషిన్‌లో పెడితే మెషిన్ పోతుంది, నికెల్ చార్జర్‌లో పెడితే ప్రమాదం. రెండు రకాలూ చార్జ్ చేసే చార్జర్లు ఉన్నాయి, మంచివే, కానీ ఏ గుంతలో ఏది పెట్టామో అది సరిగ్గా గుర్తుపట్టిందా అని డిస్‌ప్లే ఒకసారి చూసుకోవాలి. ఇక మామూలు ఆల్కలైన్, జింక్ సెల్స్‌ని చార్జర్‌లో పెట్టొద్దు. "కొంచెం ప్రాణం వస్తాది" అని పెట్టేవాళ్ళు ఉన్నారు. ఆల్కలైన్ సెల్ లోపల ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, కారిందంటే చార్జర్ కాంటాక్టులు తినేస్తుంది, చేతికి తగిలితే మంట.

సెల్స్ గురించి రెండు ముక్కలు చెప్పి ఆపేస్తాను. సాన్యో కంపెనీ 2005లో జపాన్‌లో ఎనెలూప్ తెచ్చాక ఈ సెల్స్ కథ మారింది. అంతకుముందు నికెల్ సెల్స్ చార్జ్ చేసి డ్రాయర్‌లో పెడితే నెలా రెండు నెలలకి చార్జ్ దానంతటదే బాగా తగ్గిపోయేది, ఇప్పుడు ఏడాది పక్కన పెట్టినా ఎక్కువ భాగం అట్లాగే ఉంటుంది. ఆ పేరు ఇప్పుడు పానాసోనిక్ చేతిలో ఉంది, వేరే కంపెనీలు కూడా ఇదే పద్ధతిలో చేస్తున్నాయి, పెట్టె మీద లో సెల్ఫ్ డిశ్చార్జ్ అనో రెడీ టు యూజ్ అనో ఉంటుంది. మీరు అట్లాంటివే తీసుకోండి. డబుల్ ఏ సైజులో 2,700, 2,800 ఎంఏహెచ్ దాటి ఎవరైనా 3,500, 4,000 అని రాశారంటే అది అబద్ధం, అంత పదార్థం ఆ గొట్టంలో పట్టదు. తూకం వేస్తే కూడా తెలుస్తుంది, అసలైన డబుల్ ఏ నికెల్ సెల్ 25 గ్రాములకి పైనే ఉంటుంది. అట్లాంటి అబద్ధపు సెల్స్‌తో ఉచితంగా వచ్చే చార్జర్ ఎట్లాంటిదో ఊహించుకోవచ్చు. 1.2 వోల్టులని చూసి భయపడకండి, ఆల్కలైన్ 1.5 దగ్గర మొదలై వాడేకొద్దీ దిగుతూనే పోతుంది, నికెల్ సెల్ 1.2 దగ్గర చాలాసేపు నిలబడుతుంది. బీపీ మెషిన్ కొత్తగా చార్జ్ చేసిన సెల్స్ వేసినా బ్యాటరీ సగం అని చూపించొచ్చు, దాని కొలత ఆల్కలైన్‌కి పెట్టింది కాబట్టి, రీడింగ్‌కి ఏమీ కాదు. గోడ గడియారానికి మాత్రం వీటికోసం కొత్తగా డబ్బు పెట్టక్కర్లేదు, మామూలు సెల్ ఒకటి వేస్తే ఏడాది చూడక్కర్లేదు.

కొనేటప్పుడు సెల్స్ మీద, అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. సెల్స్‌కి ప్రమాణం నంబర్ ఐఎస్ 16046. ఆ రిజిస్ట్రేషన్ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది నిజంగా ఎవరి పేరు మీద ఉందో కనబడుతుంది, షాపులో నిలబడే చూసుకోవచ్చు.

ఇంకొకటి, చాలామంది నన్ను అడిగేది. నెలల తరబడి టార్చ్‌లో మర్చిపోయిన సెల్ వోల్టేజ్ మరీ పడిపోయి ఉంటే కొత్త చార్జర్ దాన్ని అసలు తీసుకోదు, ఎర్ర లైటు టపటపా కొట్టి ఊరుకుంటుంది. అప్పుడు ఆ సెల్‌ని పాత మొద్దు చార్జర్‌లో ఒక పది నిమిషాలు, దగ్గరే ఉండి, పెట్టి తీసి వెంటనే కొత్తదాంట్లో వేస్తే చాలాసార్లు తీసుకుంటుంది. పాత చార్జర్‌ని పూర్తిగా పారేయకుండా ఈ పనికి దాచుకోండి. ఇది నికెల్ సెల్స్‌కి మాత్రమే, లిథియం సెల్స్‌తో ఎప్పుడూ చేయకండి. రెండు మూడుసార్లు ఇట్లా చేసినా తీసుకోకపోతే దాని పని అయిపోయినట్టే, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ (పాత ఎలక్ట్రానిక్ సామాను) తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి.